గ్రేసుతో ఒప్పుకోకపోవడమే నా ఉద్యోగం

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకు ఒక వయసు ఉంటుంది. నాకు ఆ వయసు రాలేదు. ముప్పై నిండలేదు, జుట్టు నెరవలేదు, పెన్షను లేదు. ఒళ్ళో పాప ఉంది. అయినా మా మదీనాగూడ ఇంటికి ఎవరైనా వచ్చి "మీరేం చేస్తుంటారు?" అని నన్ను అడిగితే, "ఉద్యోగం చేసి మానేసిందిలెండి" అని మా ఆయన నా బదులు జవాబు చెబుతాడు. చేసి మానేయడాన్నే రిటైరవడం అంటారు కాబట్టి నేను రిటైరయ్యాను. పాప పడుకున్నాక, దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందని నమ్మకం కుదిరాక, ఇది రాయడానికి కూర్చుంటున్నాను.

ప్రొద్దుటూరు నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు జేసిన పని లాంటిదే నాకూ వచ్చేట్టుంది. అదేం పని?" అని అడిగింది. ఎస్టీడీ మీటరు తిరుగుతుండగా చెప్పే విషయం కాదు, రాసి పంపుతానన్నాను. మాదాపూర్ వైపు ఇప్పుడు ఇలాంటి ఆఫీసులు వీధికొకటి లేస్తున్నాయి. దానిలాంటి అమ్మాయిలు ఇంకా వస్తారు. జీతమెంత, సెలవులెన్ని అన్నవి ఇంటర్వ్యూలో చెబుతారు. అక్కడ ఎవరూ చెప్పనివి కొన్ని ఇక్కడ చెబుతాను.

ముందే ఒక మాట. ఇందులో అసూయ చాలా ఉంటుంది. అది తీసేసి రాద్దామని చూశాను. కాగితం మీద పెద్దగా ఏమీ మిగల్లేదు.

పని ఏమిటంటే

మా ఆఫీసు మాదాపూర్‌లో అందరూ చూసి వచ్చే ఆ గుండ్రటి అద్దాల భవనంలో లేదు. దానికి కొంచెం దూరంలో, ఒక ఇంటి మీద లేపిన అంతస్తులో ఉండేది. మా కిటికీలోంచి ఆ భవనం కనిపించేది. మెడలో కార్డులు వేసుకున్న మనుషులు ఏసీ బస్సులు దిగి లోపలికి వెళ్ళేవాళ్ళు. మేం మెట్ల కింద చెప్పులు విప్పి పైకి ఎక్కేవాళ్ళం. నా అసూయకు మొదటి పాఠశాల ఆ కిటికీ.

యూరప్‌లో ఒక కంపెనీ ఇటాలియన్ నేర్పే సీడీ తయారు చేస్తోంది. అందులో కంప్యూటరే మాటలు పైకి చదువుతుంది. ఒక మాట ఎక్కడెక్కడ విరుగుతుందో, ఏ ముక్క మీద గొంతు ఒత్తి పలకాలో దానికి ముందుగా ఎవరో చెప్పి ఉంచాలి. చెప్పేవాళ్ళం మేము. మాకు వచ్చినవి క్రియలు. తెలుగులో తిను అనే ఒక్క మాట తింటాను, తింటావు, తిన్నారు, తినాలి అని ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. ఇటాలియన్ క్రియ అంతకంటే తక్కువది కాదు. ఒక్కొక్క రూపాన్నీ ముక్కలు చేసి మధ్యలో అడ్డగీత పెట్టాలి. ఒత్తి పలికే ముక్కను పెద్ద అక్షరాల్లో కొట్టాలి. అంతే పని. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది.

మొదటి వారంలో హాలు మొత్తం ఒకటే తప్పు చేసింది. రెండు హల్లులు కలిస్తే మన చెయ్యి రెండోదాన్ని ఒత్తు చేసి కిందికి దించేస్తుంది. 'నేను మాట్లాడతాను' అనడానికి వాళ్ళు 'పార్లో' అంటారు. మేమందరం 'పా' ఒక ముక్క, 'ర్లో' ఒక ముక్క చేశాం. వాళ్ళకది 'పార్', 'లో'.

మా పెద్దాయన ప్రసాదరావు గారు గుంటూరు మనిషి. ఆఫీసు పెట్టకముందు అచ్చు పని, ఆ తర్వాత ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేయించినవాడు. మా కాగితాలు చూసి నవ్వాడు.

"ఏవండీ, హైస్కూల్లో పద్యాలకి గణాలు కట్టలేదా మీరంతా? ఒత్తక్షరానికి ముందున్నది గురువెందుకయిందండి? ఆ పొల్లు బరువు దాని మీద పడబట్టి. బరువు ఎవరు మోస్తే సొమ్ము వాళ్ళకే ఇచ్చేయండి."

మర్నాడు మేం అన్ని పొల్లులూ ముందు ముక్కకే ఇచ్చేశాం. 'రెస్తో' అనే మాటను 'రెస్', 'తో' అని విరిచాం. ఆయన ఈసారి తల పట్టుకున్నాడు.

"ఇక్కడ మాత్రం రె, స్తో అండి. సకారం పక్కవాడితోనే పోతుంది."

"ఎందుకు సార్?" అన్నాను.

"వాళ్ళిష్టమండి. వాళ్ళ భాష."

ముక్కలు చేయడం తొందరగానే వచ్చేసింది. ఒత్తి పలికే చోటు పట్టుకోవడం మాత్రం మనకు పుట్టుకతో రాని విద్య. మన చెవి దీర్ఘాన్ని వింటుంది, ద్విత్వాన్ని వింటుంది, ఒత్తి పలకడాన్ని వినదు. అందుకని నేను గొంతు ఒత్తు పడే చోట దీర్ఘం పెట్టుకుని రాసుకునేదాన్ని. ఎక్కువ మాటల్లో చివరి ముక్కకు ముందుదాని మీద పడుతుంది. 'వాళ్ళు' అనే రూపాల్లో ఇంకా వెనక్కి జరుగుతుంది. 'వాళ్ళు మాట్లాడతారు' అన్నది 'పార్లనో'. మాకేమో 'పర్లానో' అంటేనే కమ్మగా ఉండేది. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం ఏమిటంటే, ముందు 'నేను' రూపం పుస్తకంలో చూడటం, అక్కడ ఒత్తు ఎక్కడుంటే 'వాళ్ళు' రూపంలో కూడా అక్కడే పెట్టడం. నిదానమైన పద్ధతి. కానీ నమ్మదగ్గది.

ఇక పని నడిచే తీరు. దీన్ని 'రెండు చేతుల పని' అనేవాళ్ళం. ఒకే క్రియను ఇద్దరికి ఇస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు. ఇద్దరూ చేశాక కంప్యూటర్ రెండింటినీ పోలుస్తుంది. కలిసినవి మరి ఎవరూ చూడకుండా నేరుగా యూరప్‌కు వెళ్ళిపోతాయి. కలవనివి మూడో కుర్చీకి వెళతాయి. మూడో కుర్చీలో ప్రసాదరావు గారు పెద్ద నిఘంటువు పక్కన పెట్టుకుని ఎవరిది ఒప్పో తేలుస్తాడు. సీడీ అట్ట వెనక 'పరిశీలన' అని ఒక పేరు అచ్చు వేస్తారు. ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ళ పేరు.

నాకు ఆ పేరు కావాలి. ఇదంతా ఆ కోరిక కథే. నాకిచ్చిన క్రియలే చేసే నా ఎదురు చెయ్యి గ్రేసుకు కూడా అదే కావాలి.

గ్రేసు

గ్రేసు ఖమ్మం వైపు పిల్ల. నాకంటే రెండుమూడేళ్ళు చిన్నది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. హఫీజ్‌పేట్ స్టేషను వెనక అన్నావదినలతో ఉండేది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో పెరిగింది. అక్కడి దవాఖాన నడిపిన ముసలి సిస్టరు ఇటలీ ఆవిడ. పిల్లల్ని తెలుగులో ముద్దుచేసి ఇటాలియన్‌లో తిట్టేదట. తిను, కడుక్కో, నోరు మూయి, ఎక్కడ చచ్చావు అన్నవన్నీ గ్రేసు చెవిలో అట్లాగే నిలిచిపోయాయి.

నేను ఎమ్మే ఇంగ్లీషు. ఇటాలియన్‌ను సాయంత్రం తరగతులకు వెళ్ళి, పట్టికలు బట్టీపట్టి, పరీక్ష రాసి నేర్చుకున్నాను. నేను కష్టపడి కొనుక్కున్నది ఆమెకు తిట్లుగా ఉచితంగా దొరికింది. నేను పుస్తకం తెరిచేలోపు అవతల ఆమె కీబోర్డు టకటకలాడేది. కళ్ళు మూసుకునేది, పెదవులు కదిపేది, కొట్టేసేది.

"ఎట్ల తెలుస్తాది గ్రేసూ నీకు?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏమో అక్కా. సిస్టర్ నా చెవి మెలేస్తున్నట్టు అనుకుంట. ఏడ నొప్పి లేస్తే గాడ ఒత్తు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి పుస్తకం తెరిచాను.

ఆమె మోపెడ్ చూస్తే అసూయ. ఆమె డబ్బాలో చేపల పులుసు చుట్టూ జనం మూగితే, నా చెనిక్కాయల చట్నీ నాకే మిగిలితే, అసూయ. సాయంత్రం ప్రసాదరావు గారు తేడాలు తేల్చి హాల్లోకి వచ్చి చదివేవాడు. "ఇది గ్రేస్ గారిది రైటండి. ఇది రత్న గారిదండి. ఇదీ గ్రేస్ గారిదే." నా పేరు వినబడితే తల ఎత్తేదాన్ని కాదు. ఆమె పేరు వినబడితేనే ఎత్తేదాన్ని, నవ్వుతోందేమో చూడటానికి.

అయితే నాకూ ఒక సుఖం ఉండేది. తీర్మానించు, ఆమోదించు, విశ్లేషించు లాంటి మాటలు వచ్చినప్పుడు గ్రేసు తడబడేది. ఏ సిస్టరూ చిన్నపిల్లను "విశ్లేషించు!" అని తిట్టదు కదా. అక్కడ నా పుస్తకం గెలిచేది. అలాంటి క్రియలు రావాలని నేను దేవుడికి దండం పెట్టుకున్న రోజులున్నాయి.

ఆ రోజుల్లో మా నుంచి వెళ్ళిన పని ఒక్కటీ వెనక్కి రాలేదు. మేము గొప్పవాళ్ళమని కాదు. ఆమె చెవితో తప్పు చేసేది, నేను పుస్తకంతో తప్పు చేసేదాన్ని. రెండు తప్పులూ రెండు వేరువేరు చోట్ల పడేవి. పడగానే కంప్యూటర్ పట్టుకునేది. ఈ సంగతి అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. మాకు మంచి చేస్తున్నది మా పడకపోవడమేనని ఎవరికి తోస్తుంది?

దరువు

పని సగానికి వచ్చాక యూరప్‌వాళ్ళు తొందరపెట్టారు. ప్రసాదరావు గారు మా ఇద్దరినీ పిలిచాడు.

"తేడాలు ఎక్కువైపోతున్నాయండి. నేనొక్కణ్ణే తేల్చలేను. పైగా కొత్త పని కోసం బొంబాయి తిరగాల్సొస్తోంది. మీ ఇద్దర్లో ఒకళ్ళకి మూడో కుర్చీ ఇచ్చేస్తానండి. ఈలోపు కాస్త తేడాలు తగ్గించండి."

పై అధికారుల గురించి ఒక మాట చెబుతాను. ప్రసాదరావు గారు మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ తేడాలు తగ్గితే పని బాగుపడినట్టే అనుకున్నాడు. తగ్గాల్సింది తప్పులు. తేడాలు ఆయనకు పని పెట్టేవి కాబట్టి ఆయన కంటికి అవే తప్పుల్లా కనిపించాయి. మీకు ఎదురయ్యే పెద్దవాళ్ళలో సగం మంది ఇలాగే ఉంటారు.

మా బల్లలు పక్కపక్కకు జరిపించాడు. ఇటాలియన్ పాఠాలు వినే టేపురికార్డరు ఒకటే ఇచ్చి దానికి రెండు హెడ్‌ఫోన్లు తగిలించాడు. మధ్యాహ్నం బయట బండరాళ్ళు పేల్చే ముందు సైరను మోగేది. అప్పుడు ఏమీ వినబడదు కాబట్టి ఇద్దరం టేపు ఆపి కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

అప్పటికి నాకు నెల తప్పింది. బస్సులో నిలబడితే కళ్ళు తిరిగేవి. గ్రేసు చూసింది.

"రేపటి నుంచి నా బండెక్కక్కా. బస్సుల నలిగిపోతవ్."

మా ఆయన వద్దన్నాడు. "గుంతల రోడ్డు మీద మోపెడ్ యాల?" అన్నాడు. బస్సు కంటే అదే నయమని నేను వెళ్ళాను. హఫీజ్‌పేట్ మలుపు దగ్గర ఎక్కేదాన్ని. ఆమె గుంతలన్నీ తప్పిస్తూ మెల్లగా నడిపేది. నా భయం పోగొట్టడానికి పాడేది. ఏం పాడేది? క్రియలే. హాస్టల్లో క్రిస్మస్ ఆటలకు వేసే దరువు ఒకటి ఆమెకు వచ్చు. మొదటి దెబ్బ తేలిక, రెండోది గట్టిది, తర్వాతవి మళ్ళీ తేలిక. ఆ దరువులో 'వాళ్ళు' రూపాలు అందంగా ఇమిడేవి.

"అరీవనో, కమ్మీననో, ప్రెపారనో, రికోర్దనో! నువ్వు గూడ అనక్కా!"

వెనక కూర్చుని ఆమె భుజం మీద దరువు వేస్తూ నేనూ పాడాను. వస్తారు, నడుస్తారు, సిద్ధం చేస్తారు, గుర్తు చేసుకుంటారు. దారిన పోయే లారీవాళ్ళు మమ్మల్ని వింతగా చూసేవాళ్ళు. కడుపులో బిడ్డ, మొహానికి గాలి, నోట్లో పాట. ఆ రోజుల్లో నాకు గ్రేసు మీద అసూయ తగ్గిపోయింది. అదే కొంప ముంచింది.

తేడాలు దిగిపోయాయి. ఒక సాయంత్రం ప్రసాదరావు గారు హాల్లోకి వచ్చి చదవడానికి ఏమీ లేదన్నాడు. మైసూరుపాకు తెప్పించాడు. ఇద్దరికీ తన చేత్తో పెట్టాడు.

ఆ తర్వాత ఒక పొద్దున ఒక కాసెట్ వచ్చింది. యూరప్‌వాళ్ళు పంపారు. ఆయన మమ్మల్ని నిలబెట్టి వినిపించాడు. మొదట యంత్రం గొంతు. మేము ఇచ్చిన రూపాలే చదువుతోంది. "అబీతనో. ఎవీతనో. ఇమీతనో." నివసిస్తారు, తప్పించుకుంటారు, అనుకరిస్తారు. నాకు ఏమీ తప్పుగా వినబడలేదు. గ్రేసు కూడా తల ఊపుతోంది. తర్వాత ఇటలీ ఆవిడ గొంతు వచ్చింది. అవే మాటలు నిదానంగా చదివింది. "ఆబితనో. ఏవితనో. ఈమితనో."

గ్రేసు మొహం పాలిపోయింది.

"యేసయ్యా," అంది. "సిస్టర్ అనేటిదే గిది. కొత్త పిల్లలొస్తే అడిగేటిది. దోవె ఆబితి, యాడుంటవ్ బిడ్డా అని. ఆబితి! నాకు పుట్టినకాడి నుంచి తెలుసు సార్ గిది!"

నాకూ తెలుసు. పుస్తకంలో 'నేను' రూపం తెరిచి ఉంటే 'ఆబితో' అని కనబడేది. తెరవలేదు. నాలుగు ముక్కల్లో మొదటిదాని మీద ఒత్తు పడే ఆ కుటుంబం క్రియలన్నీ అలాగే పోయాయి. ఒక్కటీ కంప్యూటర్ ఆపలేదు. ఎందుకంటే ఇద్దరం ఒకే తప్పు చేశాం.

ప్రసాదరావు గారు ఎప్పుడూ లేనిది గట్టిగా అడిగాడు. "నిజం చెప్పండి. ఒకరిది చూసి ఒకరు కొట్టారా అండి?"

ఉద్యోగం పోయినా అంత బాధ ఉండేది కాదేమో. "నేను గ్రేసును చూసి కొట్టడమా సార్!" అన్నాను.

అదే నిమిషంలో ఆమె, "గీమెను జూసి నేను కొడ్తనా సార్? గీమెకు దిక్కు నేనే గదా!" అంది.

దిక్కు నేనే అట. తగ్గిన అసూయ మొత్తం ఒక్కసారిగా ఇంటికి తిరిగి వచ్చింది.

ఆయన మా ఇద్దరినీ రెండు గదుల్లో పెట్టాడు. తలుపులు వేయించాడు. తప్పుగా పోయిన క్రియలే మళ్ళీ చేయమన్నాడు. ఈసారి పుస్తకం కూడా ఇవ్వలేదు, ఎవరి తప్పు ఎక్కడ పుడుతోందో చూడటానికి. కాసేపటికి ఆయన నా తలుపు తీశాడు. తర్వాత ఆమె తలుపు తీశాడు. నడవలో నిలబడి రెండు గదులనూ మార్చి మార్చి చూశాడు.

"ఆ కాలు ఆపండి రత్న గారూ. మీరూ వేళ్ళు ఆపండి గ్రేస్ గారూ. ఎక్కడిదండి ఈ దరువు? రెండు గదుల్లోనూ ఒకటే మోగుతోంది!"

నేను బల్ల కింద కాలితో వేస్తున్నాను. ఆమె బల్ల మీద వేళ్ళతో వేస్తోంది. ఇద్దరికీ తెలియదు. మేము వినడం ఎప్పుడో మానేశాం. ఏ మాట వచ్చినా ఆ దరువులో కూర్చోబెడుతున్నాం. రెండో దెబ్బ గట్టిది కాబట్టి ఒత్తు రెండో ముక్క మీద పడుతోంది. అరీవనోకు అది సరిపోయింది. ఆబితనో వచ్చి దాని కింద నలిగిపోయింది.

ఆ రోజు నుంచి మోపెడ్ బంద్. ఒకే టేపు బంద్. నేను ఆటోలో వచ్చేదాన్ని. మొత్తం మళ్ళీ చేశాం. తేడాలు మళ్ళీ కుప్పలుగా వచ్చాయి. వాటిని చూసి ఆయనకు దిగులు, నాకు నెమ్మది.

కొత్తగా వచ్చే అమ్మాయిలకు నేను చెప్పే పెద్ద సలహా ఇదే. ఎదురు చెయ్యితో స్నేహం చేయండి, కాదనను. కానీ ఆమె దగ్గర పని నేర్చుకోకండి. ఆమెకు నేర్పకండి. ఇద్దరూ ఒప్పుకుంటే అది ఒప్పయిపోదు. ఆమెకు వచ్చింది మీకు రాలేదని కడుపు మండుతుంటే మండనివ్వండి. ఆ మంట ఉన్నంతకాలం మీరు పుస్తకం తెరుస్తారు.

కుర్చీ

నాకు ఏడో నెల వచ్చేసరికి మూడో కుర్చీ సంగతి తేలింది. ప్రసాదరావు గారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి చెప్పాడు.

"ఏమీ అనుకోకండి రత్న గారూ. పనిలో ఇద్దరూ ఇద్దరేనండి. కానీ మీరెలాగూ సెలవుకి వెళ్తారు కదా."

"సెలవు అయినాక వస్తాను గదా సార్."

"వస్తారండి. అందరూ అలాగే అంటారండి."

ఆయన చేసింది అన్యాయం. ఇది మెత్తగా చెప్పాల్సిన అవసరం నాకు కనబడటం లేదు. పనిలో సమానమైనప్పుడు కడుపు చూసి కుర్చీ నిర్ణయించకూడదు. ఆ రోజు ఇంత సూటిగా నేను అనలేదు. మంచినీళ్ళు తాగి లేచాను.

గ్రేసు అక్కడే ఉంది. "అక్క వచ్చేదాక నేను చూస్త సార్" అని ఒక్క మాట అంటుందేమో అనుకున్నాను. అనలేదు. చున్నీ అంచుతో ఆ కుర్చీ దుమ్ము తుడిచి కూర్చుంది. కూర్చునేటప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంకా కోపం వచ్చేది.

పాప పుట్టింది. మూడో నెలకు ఆఫీసుకు వెళ్ళిపోతాననుకున్నాను. ఒకసారి పచ్చకామెర్లు, ఒకసారి విరేచనాలు, ఒకసారి ఏమీ లేకుండానే ఏడుపు. దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేకపోయాను. ఈలోపు నా బల్ల దగ్గర ఒక కొత్త అమ్మాయిని కూర్చోబెట్టారని తెలిసింది. ఆమెను నేను చూడలేదు. ఆమె ఎట్లా ఉంటుందో చాలాసార్లు ఊహించుకున్నాను. ఒక్కసారి కూడా ఆమెను అనాకారిగా ఊహించుకోలేకపోయాను.

సీడీ వచ్చింది. ప్రసాదరావు గారు ఒకటి పంపాడు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో గ్రేసు పేరు ఉంది. వాడుకోవడానికి మాకు కంప్యూటర్ లేదు. అట్ట మాత్రమే చూశాను. ఆ వైపే చూశాను.

మొన్నటి ఆదివారం

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రేసు మా ఇంటికి వచ్చింది. పట్టుచీర, చేతిలో బిస్కెట్లు. అంతవరకూ నా దగ్గర ఏడుస్తున్న పాప ఆమె చేతుల్లోకి వెళ్ళి నోరంతా తెరిచి నవ్వింది. దానికి కూడా చెవి ఉన్నట్టుంది.

"జర పనుండి వచ్చినక్కా."

"నాతో ఏం పని? కుర్చీ నీదాయె, పేరూ నీదాయె."

"దెప్పుడు అయినంక చెప్పు. అప్పుడే నోరు తెరుస్త."

"అయింది. చెప్పు."

"రెండో సీడీ నడుస్తున్నది. కొత్త పిల్లలందరికి నేనే నేర్పిన. తేడాలే వస్తలేవక్కా. సారేమో ఖుషీ. నాకైతే పరేషాన్ పట్టుకున్నది."

నాకు అర్థమైంది. "మళ్ళీ కాసెట్ వస్తాదని భయమా?"

"భయం గాకేంది? అందరు నా లెక్కనే తప్పు చేస్తున్నరనుకో, ఎవలు పట్టాలె?"

"పుస్తకం ఇయ్యి వాళ్ళకు."

"ఇచ్చిన. తెరుస్తలేరు. నన్నే అడుగుతున్నరు."

"చెప్పొద్దు."

"చెప్పకుంటే ఏడుస్తున్నరక్కా!" అని, పాపను ఒళ్ళో సర్దుకుని అసలు మాట చెప్పింది. "నువ్వు మళ్ల చెయ్యెయ్యాలె. ఆ ఆఫీసు మొత్తంల నా మాట నమ్మనిది నువ్వొక్కదానివే."

అంటే ఆమె కుర్చీలో ఉంటుంది, నేను ఆమె కింద చెయ్యి వేయాలి.

"పాపను యాడ పెట్టుకోవాల?"

"నువ్వు రావొద్దు. కాగితాలు నీ ఇంటికే పంపిస్త. ఎర్రపెన్నుతోని గీతలు గీసియ్యి. మిషన్ల నేను ఎక్కిస్త."

"నువ్వు ఎక్కిస్తే నీకు నచ్చినట్టు దిద్దుకుంటావు."

"దేవుని తోడు, దిద్ద."

"దేవుణ్ణి యాల తెస్తావు? కొత్తపిల్లతో ఎక్కియ్యి."

"సరే. గట్లనే కానీ."

మా ఆయన లోపలి నుంచి కేకేశాడు. "కాగితాలు నేను తెస్తాలే. గచ్చిబౌలిలో ప్లాట్లు చూపెట్టనీకి రోజూ అటే పోతాండా గదా!" అడగకుండా ఆయన నా ఉద్యోగానికి చేసిన మొదటి సాయం అది.

ఒక్కటే మిగిలింది. అడగకపోతే ఆ కాగితాలు ముట్టుకోలేనని నాకు తెలుసు.

"గ్రేసూ, పాప నడిచినాక నేను ఆఫీసుకు వస్తా. అప్పుడు మూడో కుర్చీ నాకిస్తావా?"

మర్యాదకైనా "ఇస్తలే అక్కా" అంటుందనుకున్నాను. అట్లా అని ఉంటే నాకు భయమే వేసేది. కుర్చీ వదులుకునే మనిషి రేపు నా గీతలు కూడా వాదించకుండా ఒప్పుకుంటుంది. ఇక ఆ పని ఎవరు కాపాడతారు?

గ్రేసు పాపను నా ఒళ్ళో పెట్టింది. లేచి నిలబడి కుచ్చిళ్ళు సరిచేసుకుంది. నా కళ్ళలోకి చూసింది.

"ఇయ్య."

"ఏమీ?"

"నేనెందుకిస్తనక్కా? నాకు గూడ అదే గావాలె. కావాల్నంటే వచ్చి గుంజుకో."

పాప మళ్ళీ ఏడుపు అందుకుంది. నేను భుజాన వేసుకుని తట్టాను.

"సోమవారం కాగితాలు పంపు" అన్నాను.